కొత్తమల్లవరం మందిరం, పైన వెళ్లే విమానాలు

అద్దంకి దగ్గర కొత్తమల్లవరం ప్రార్థన మందిరం పెద్ద జక్రయ్య గారికి,
నమస్కారం. మీ ఆదివారం ప్రార్థన మీ ఊరి మీదుగా వెళ్లే విమానాల్లో పైలట్లకు వినపడుతోంది. మీ పేరూ, ఊరి పేరూ అలాగే తెలిశాయి. దయచేసి తగు చర్య తీసుకోగలరు.
ఇట్లు,
రామాంజనేయులు,
వైమానిక వైర్‌లెస్ తనిఖీ అధికారి
తా.క.: బుల్లయ్య గారి గేదె తప్పిపోయిన ప్రకటన కూడా వినపడింది.

అయ్యగారికి సంఘపెద్ద జక్రయ్య వందనాలతో రాసేది,
మా ప్రార్థన ఆకాశం దాకా వెళ్తోందని గవర్నమెంటు కాగితం మీద రాసిచ్చింది మీరొక్కరే. మందిరంలో చదివిస్తే ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. మిరప కోతలకు పోయినవాళ్లకు పొలంలోనే వాక్యం వినపడాలని మైకులు అద్దెకిచ్చే సిలార్ ఏదో వైర్‌లెస్ సెట్టు బిగించాడు. మీరు చెప్పినట్టే తగు చర్య తీసుకున్నాం. ఏరియల్ ఇంకో పదడుగులు పైకి లేపాం.
మీ మేలు మరువని
జక్రయ్య
తా.క.: గేదె దొరికింది. పైలట్లను ఇక వెతకొద్దని చెప్పండి.

జక్రయ్య గారికి,
నేను మెచ్చుకుంటూ రాయలేదండి. దిగే విమానానికి కిందనుంచి మేం చెప్పేది వినపడాలి. మొన్న దానికి బదులు మీ పాట వినపడింది. నూట నలభై మందితో ఆ విమానం దిగలేక రెండు చుట్లు తిరిగింది. పైలట్ ఆగమన్నా మీరు ఆగలేదు. వెంటనే సెట్టు ఆపి, దాని వెనక నెంబరు రాయండి.
రామాంజనేయులు
తా.క.: పైలట్లు గేదెను వెతకలేదు.

అయ్యగారికి,
మీ ఉత్తరం చదివాకే మా పొరపాటు తెలిసింది. ఆ రోజు సెట్టులోంచి ఒక ఆడగొంతు, మీ పైలటమ్మే కాబోలు, ‘స్టాండ్ బై’ అంది. సిద్ధంగా ఉండమని అర్థం అంది జయకుమారి టీచరు. ప్రభువు రాకడే అనుకుని మధ్యాహ్నం మూడింటి దాకా ఒక్కరూ ఇంటికి పోలేదు. సెట్టు నేనే పీకేశాను. ఎక్కడిదిరా అంటే, “విమానాల తుక్కులో కొన్నా అన్నా, గట్టి సరుకు” అన్నాడు సిలార్. నెంబరు ఎందుకు, సెట్టే బస్సులో పంపుతున్నాను. ఈ వారం మైకు లేకుండా పాడాం. ఆ నూట నలభై మందీ క్షేమంగా దిగినందుకు ముందుగా స్తోత్రం చెప్పుకున్నాం.
క్షమించమని వేడుకునే
జక్రయ్య
తా.క.: సిలార్ మీద కేసు పెట్టకండి. మసీదుకు పోయేవాడు, మా మందిరానికి పైసా తీసుకోకుండా చేశాడు.

జక్రయ్యన్న గారికి,
సెట్టు చేరింది. నెంబరు చూడగానే గుర్తుపట్టాను. ఏడేళ్ల కిందట మా స్టోరులో మాయమైన సెట్టు ఇదే. స్టోర్ కీపర్ శ్రీకృష్ణ అమ్ముకున్నాడనుకున్నాం. అతని ప్రమోషన్ ఆగింది. క్యాంటీన్‌లో అతని పక్కన ఎవరూ కూర్చోరు. పాత తుక్కు వేలం జాబితా తీయించాను. అందులో ఈ నెంబరు ఉంది. కింద సంతకం నాది. చదవకుండా పెట్టాను.
అతని దగ్గరికి వెళ్లి చెప్పాను. “మా ఆవిడకు ఫోన్ చేసుకోవచ్చా సార్?” అన్నాడు. పైవాళ్లకు అంతా రాసిచ్చాను. సిలార్ మీద కేసు లేదు. మీకూ సిలార్‌కీ ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియక, ఆదివారం నేనూ శ్రీకృష్ణా మీ ఊరు వస్తున్నాం.
మీ తమ్ముడు
రామాంజనేయులు
తా.క.: నా మీద విచారణ మొదలైంది. విచారణాధికారి ప్రతి కాగితమూ చదివే సంతకం పెడుతున్నాడు. నాకదే భయంగా ఉంది.