భద్రాచలం చిరునామా మీద పోయిన తేనె

బిడ్డ శ్రావణికి,

మీ అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ నాయన బాగనే ఉన్నం. మన ఇలవేల్పు దయతోని నువ్వు కూడా ఆ పంజాబ్ చలిల ఒళ్లు జాగ్రత్తగ చూసుకుంటున్నవని, వేళకింత తింటున్నవని అనుకుంటున్న.

నీ ఉత్తరం బేస్తవారం అందింది. మీ నాయన దుమ్ముగూడెం పోయినప్పుడు పోస్టాఫీసుల అడిగి తెచ్చిండు. నాతోని రెండుసార్లు చదివించుకున్నడు. ట్రైనింగుల తుపాకి మొత్తం విప్పి మళ్ల జోడించుడు నేర్పిండ్రని రాసినవ్ చూడు, ఆడ ఆపి "మళ్ల చదువు" అన్నడు. అప్పటిసంది కనిపించినోళ్లందరికి అదే చెప్తున్నడు. ఆయనకు సైకిల్ చెయిన్ పడితే ఎక్కియ్యరాదు గని, బిడ్డ తుపాకి విప్పుతదని గొప్ప.

బూట్లు కరిచి మడిమెలు పుండ్లయినయని రాసినవ్. ఇప్పనూనె చిన్న సీసా పంపుతున్న. పడుకునే ముందు రాసి, పాత గుడ్డ కట్టుకో. ఇంత దూరం, ఇన్ని రాష్ట్రాలు దాటి పోతుంది కదా, దీనికి పన్ను పడ్తదా అని జయప్రకాశ్ సారును అడిగిన. ఆయన నవ్వి, "తల్లి బిడ్డకు పంపేదానికి పన్నేందమ్మా, అమ్మితేనే పన్ను" అన్నడు. రొట్టె మింగుడు పడ్తలేదన్నవ్. పప్పుల నానబెట్టుకొని తిను. ఎర్రమేక ఈనింది, రెండు పిల్లలు. మీ నాయన మోకాలు నొప్పి మొన్నటికన్న నయం. దవాఖానాల మందులిచ్చిండ్రు, వేసుకుంటున్నడు.

జయప్రకాశ్ సారంటే ఎవరని అడుగుతవ్. భద్రాచలంల పన్నుల కాయితాలు రాస్తడు. మన తేనె సంఘానికి జీఎస్టీ నంబర్ వచ్చింది బిడ్డా. ఆయనే రాసి ఇచ్చిండు. ఇప్పుడు మన సీసా ఆంధ్రకు పోవచ్చు, ఒడిశాకు పోవచ్చు, నువ్వున్న కాడికి కూడా పోవచ్చు. నంబర్ తీసుకున్నంక తెలంగాణల అమ్మినా పన్ను కట్టుడే. సీసాల పోసి లేబుల్ అంటిస్తే నూటికి అయిదు. మన రాష్ట్రంల అమ్మితే అండ్ల సగం మన సర్కారుకు, సగం ఢిల్లీకి. వేరే రాష్ట్రానికి పంపితే రెండు కలిపి ఒక్క పేరు మీద రాయాలె. పైసలు అవే, రాసుడే వేరు. మన సంఘంల జంపక్క ఇదంతా విని, "మరి ఎటపాకల మా చెల్లె ఇల్లు? భద్రాచలంల నిలబడి కేకేస్తే వినబడ్తది కదా?" అన్నది. "అది ఆంధ్రనే అమ్మా" అన్నడు సారు. "మేము దాని పెండ్లి చేసినప్పుడు అంత ఒక్కటే ఉండె" అని జంపక్క చాలాసేపు గునిసింది.

ఇగ నీ ఉత్తరంల ఆఖరికి అడిగిన మాట. "ద్వాలి పెద్దమ్మకు ఫోన్ చేస్తే సరిగ మాట్లాడలే, నేనేం తప్పు చేసిన అమ్మా?" అని అడిగినవ్. రెండుసార్లు జవాబు రాసి చింపేసిన. ఫోన్‌ల చెప్దామంటే, సగం చెప్పంగనే నువ్వు "పోనీలే అమ్మా" అంటవ్. మొత్తం చెప్పనియ్యవ్. అందుకే కూసొని రాస్తున్న.

నువ్వేం తప్పు చెయ్యలే. చేసింది నేను.

నువ్వు పోయిన రెండు నెలలకు రాజమండ్రి నుంచి వెంకటకృష్ణ గారని ఒకాయన ఫోన్ చేసిండు. కార్తీకంల ఆయన బిడ్డ పెళ్లి. వచ్చినోళ్ల చేతిల పెట్టనీకి నూట యాభై చిన్న సీసాలు కావాలన్నడు. గంత పెద్ద ఆర్డర్ మనకు ఎన్నడు రాలే. నువ్వు పెట్టిపోయిన ఆన్‌లైన్ దుకాణంల ఆయన చిరునామా కొడితే అది తీసుకోలే. ఎందుకు తీసుకోదో నాకు తెలుసు బిడ్డా. తెలంగాణ దాటి అమ్మాలంటే నంబర్ ఉండాలె, అది వచ్చేదాక ఆంధ్ర ఆర్డర్ ముట్టకు అని నువ్వు మూడుసార్లు చెప్పినవ్. అట్టముక్క మీద రాసి తడిక గోడకు కుట్టినవ్.

అయినా ఆయనతోని, "భద్రాచలం చిరునామా ఇస్తా, అది కొట్టండి. అక్కడి నుంచి నేను పంపుతా" అన్న. జంపక్క చిన్నాయన ఇంటి చిరునామా ఇచ్చిన. బిల్లు భద్రాచలానికి, సరుకు రాజమండ్రికి. ఎవరు చూస్తరులే అనుకున్న.

తండా నుంచి సంఘానికి వచ్చే ద్వాలి ఆ సీసాలకు ఏం చేసిందో నీకు తెల్వదు. పెళ్లి సరుకు ఉత్తగ పోవద్దని, ఒక్కో సీసా మూతికి ఎర్రగుడ్డ కట్టి, అద్దం బిళ్ల కుట్టింది. నూట యాభై గుడ్డలు. పగలంత కైకిలి కూలికి పోయి, పొద్దుగూకినంక వాకిట్ల దీపం కాడ కూసొని కుట్టేది. ఇరవై రోజులు కుట్టింది. "ఏందక్కా, కండ్లు పోగొట్టుకుంటవా?" అంటే, "పెళ్లిపిల్ల చూసుకుంటది కదనే" అన్నది.

చింతూరు దాటినంక పన్నులోళ్లు మన సీసాల డబ్బాలు పోయే బండి ఆపిండ్రు. కాయితం మీద భద్రాచలం అని ఉంది, బండి ఆంధ్రల ఉంది. వాళ్లది తప్పేం లేదు. పన్ను, జరిమానా కట్టి విడిపించుకోమన్నరు. మీ నాయన మూడు దఫాలు తిరిగిండు. డబ్బాలు మన చేతికి వచ్చేసరికి పదకొండు రోజులయింది, పెళ్లి అయిపోయింది. వాన నీళ్లు దిగి ఎర్రగుడ్డలన్ని రంగు కారినయి. తేనె మంచిగనే ఉంది. గుడ్డలే పనికిరాకుండ పోయినయి.

వెంకటకృష్ణ గారు తిట్టలే. "మా అమ్మాయి పెళ్లికి వచ్చినవాళ్లు ఉత్తచేతులతో వెళ్లారమ్మా. ముందే కుదరదని చెప్పి ఉంటే ఇంకేదైనా చూసుకునేవాణ్ని కదా" అన్నడు.

మర్నాడు సంఘం కూసున్నది. ఎట్లయింది నాగక్కా అని అడిగిండ్రు. ద్వాలి ముంగట ఆ గుడ్డల కుప్ప ఉంది. నా నోట్లకెల్లి ఏమొచ్చిందో తెలుసా? "శ్రావణి చెప్పలే. ఆంధ్రకు నంబర్ కావాలని అది మాకు చెప్పకుండనే పోయింది" అన్న.

ఎందుకన్ననో ఇన్నిదినాలు నన్ను నేనే అడుగుతున్న. నాలుగు అక్షరాలు వచ్చినదాన్నని నన్ను పెద్దగ పెట్టుకున్నరు. తెలిసీ చేసిన అనేకన్న, తెల్వక అయింది అనుడు తేలిక అనిపించింది. నువ్వు దూరం ఉన్నవ్, వినవు. దూరమున్నోళ్ల మీద వేసుడు సులువు బిడ్డా. ఇంటికి వచ్చి, కుట్టు తెంపి ఆ అట్టముక్క పొయ్యిల పెట్టిన. మీ నాయన చూసిండు. ఆ పూట అన్నం తినలే.

ఎవరు నిన్ను తిట్టలే. "చిన్నపిల్ల, నౌకరి తొందరల మరిచింది" అన్నరు. ద్వాలి మాత్రం, "ఒక్కమాట చెప్పి పోతే నా కండ్లు మిగిలేవి" అన్నది. ఆ తర్వాతనే నువ్వు ఆమెకు ఫోన్ చేసినవ్.

పోయిన నెల నంబర్ వచ్చినంక మళ్ల కూసున్నం. దుకాణంల కొత్త నంబర్ ఎక్కియ్యాలె, శ్రావణి సెలవుకొస్తే చేయిద్దామని భవాని అన్నది. ద్వాలి, "వద్దు. ఆ పిల్ల చెయ్యి ఇగ సంఘం పనిల పెట్టొద్దు" అన్నది. అందరు అవ్ అన్నట్లు తలలూపిండ్రు. నువ్వు ఇంటర్ సెలవులల్ల ఎండల తిరిగి, సీసాల ఫోటోలు తీసి, ఒక్కొక్కరికి ఫోన్ పట్టుకునుడు నేర్పి పెట్టిన దుకాణం అది.

అప్పుడు లేచి నిలబడ్డ. చెప్పిన, మొత్తం. అట్టముక్క కాల్చిన సంగతి కూడా చెప్పిన.

జంపక్క, "పిల్ల మీద పెట్టి ఇన్నొద్దులు ఎట్ల తిన్నవే బువ్వ?" అన్నది. ద్వాలి లేచి తండాకు పోయింది. బిల్లులు, ఫోను నా చేతిలకెల్లి తీసి భవానికి ఇచ్చిండ్రు. జరిమానా నా వాటాల పట్టుకోమని నేనే చెప్పిన. ఇప్పుడు నేను తేనె వడగడ్తున్న, మూతలు బిగిస్తున్న. భవాని మంచిగ చేస్తున్నది. మొన్న కాకినాడకు పన్నెండు సీసాలు పక్కా బిల్లుతోని పంపింది. వెంకటకృష్ణ గారికి కూడా ఫోన్ చేసి నిజం చెప్పిన. "సరేనమ్మా" అని పెట్టేసిండు. మళ్ల ఆర్డర్ రాలే.

నాలుగోనాడు ద్వాలి మన ఇంటికొచ్చింది. నీళ్లిస్తే తాగలే. నిలబడే అన్నది: "నా మీద చెప్పినా మరిచిపోయేదాన్ని. కడుపున పుట్టినదాని మీద చెప్తివి. నేను ఆ పిల్లతోని మొఖం ముడుచుకొని మాట్లాడిన. దానికి ఫోన్ చేసి చెప్దామనుకున్న. కానీ ఆ నిజం నీ చేతితోనే పోవాలె. రాయి." అని పోయింది. ఆమె ఇంక నాతోని సరిగ మాట్లాడుతలేదు. అడిగే మొఖం నాకు లేదు.

ఈ ఉత్తరం నూనె సీసాతోని డబ్బాల పెట్టే ముందు ఆమెకు చదివి వినిపిస్త. ఆమె కాదన్న మాట ఏదన్న ఉంటే కొట్టేసి పంపుత.

బిడ్డా, నీకు కోపం వస్తే కోపంతోనే రాయి. నా బాధ చూసి జల్దీ మాఫ్ చెయ్యకు. నీ మడిమెలు మానినయో లేదో మాత్రం ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
నీ మీద అబద్ధం చెప్పి, నీకే నిజం రాస్తున్న
మీ అమ్మ,
నాగక్క