నాన్న సోడా ఎలా తాగేవాడు?

గురువారం రాత్రి

సాయంత్రం మాదాపూర్‌లో మా బార్ తెరిచిన కాసేపటికే ఒకావిడ వచ్చి కౌంటర్ ముందు కూర్చుంది. మెడలో ఆఫీసు కార్డు ఇంకా తీయలేదు. మెనూ పక్కకు జరిపి, "మీకు తోచింది కలిపి ఇవ్వండి" అంది.

అలవాటుగా ముందు "ఏమన్న తిన్నరా మేడం?" అని అడిగాను. తినలేదంది. మందు తగ్గించి, అల్లం, తేనె వేసి ఇచ్చాను.

"ఏ బార్‌లోనూ ఇలా అడగరండి" అని నవ్వింది.

మూసాపేటలో మా నాన్న సోడా బండి దగ్గర నేర్చుకున్నానని చెప్పాను. ఎవరొచ్చినా నాన్న "ఏం తిన్నవే ఇయ్యాల?" అని అడిగాకే సీసా తీసేవాడు. బిర్యానీ తిన్నవాళ్లకు నిమ్మరసం ఎక్కువ. ఆటో యాదగిరికి ఉప్పు రెండింతలు. బీపీ ఉన్న లెక్కల సారుకు అసలు ఉప్పే వేసేవాడు కాదు. ఎవరి రుచీ మరిచిపోయేవాడు కాదు.

"మరి నాన్నగారు ఎలా తాగేవారండి?"

నాకు తెలియదు. ఇప్పుడు అడుగుదామన్నా నాన్న లేడు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, "ఉప్పు జర తక్కువ, నిమ్మకాయ మొత్తం పిండుకునేటోడు" అనేశాను. అయితే అదే ఇమ్మంది. మందు లేకుండా కలిపిచ్చాను.

"మీ నాన్నగారి రుచి బాగుందండి" అని గ్లాసు ఖాళీ చేసి వెళ్లింది.

అది నాన్న రుచి కాదు. బండి కట్టేసే ముందు రోజూ ఆయన నాకు కలిపిచ్చే సోడా.

ఇంటికొచ్చినప్పటి నుంచి గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. నాన్న చేతిలో గ్లాసు కనిపిస్తూనే ఉంది. ప్రతిసారీ అది నా వైపే వస్తోంది.