ఎగరని బంతి

18 మే 1986, ఆదివారం. నూజివీడు.

ఢిల్లీలో మా కంపెనీ జట్టు హాకీ ఆడేది నేల మీద కాదు, ఆస్ట్రోటర్ఫ్ అని, నీళ్ళు చల్లిన పచ్చటి ప్లాస్టిక్ గడ్డి తివాచీ మీద. అక్కడ బంతి ఎగరదు. మామిడితోటలో మట్టిపెళ్ళల మీద ఆట నేర్చినవాణ్ణి, ఎగురుతుందని కర్ర ఎత్తితే బంతి కిందనుంచి పోయేది. మట్టిపెళ్ళ ముఖమెరగని కోచ్ నన్ను బెంచీమీద కూర్చోబెట్టాడు. కర్ర నేలకి ఆనించి ఉంచమని నెలంతా అదే రుద్దాడు.

సెలవుకొచ్చాను కదా, ఆటంటే ఏంటో ఇక్కడి పాత జట్టువాళ్ళకి చూపిద్దామని ఇవాళ తోటలో దిగాను. మొదటి బంతే పెళ్ళకి తగిలి ఎగిరి నా మోకాలు పగలగొట్టింది. కర్ర నేలకే అతుక్కుని ఉంది.

“ఏంట్రా, ఊడుస్తున్నావా?” అన్నాడు, చిన్నప్పుడు నాతో ఆడి ఇక్కడే కాయలు కోసుకుంటూ మిగిలిపోయిన సుబ్బారావు. చెప్పుల్లేని వెధవ.

ఢిల్లీలో చూస్తే ఇంకా బెంచీయే. ఆ తివాచీ అంటే నాకు అసహ్యం. నా చేతులు మాత్రం నాకు చెప్పకుండా దాని దగ్గర కొలువుకి కుదిరాయి.