గుమ్మడికాయలో పురుగు

కర్నూలు,
మంగళవారం

నా బంగారు చెల్లెలు ప్రసన్నకుమారికి,

ఏడాదిగా నువ్వు చేసిన ఫోను ఒక్కటీ ఎత్తలేదు. ఇప్పుడు నేనే చేయడానికి మొహం చెల్లక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిన్న నా ఎడమ భుజానికి ఆపరేషన్ అయింది. చిన్న రంధ్రం పెట్టి, లోపలికి కెమెరా దూర్చి, తెగిన కండను కుట్టడం. చెయ్యి మాత్రమే మొద్దుబారింది, నేను మెలకువగానే ఉన్నాను. తెర మీద నా భుజం నాకే కనిపిస్తోంది. కాసేపటికి తెరంతా ఎర్రబడింది. "అమ్మా, నీ బీపీ పెరిగి రక్తం ఊరతాండాది. నీళ్లతో ఎంత కడిగినా నాకేమీ కనపడ్డంలే. ఇట్లయితే కుట్టకుండానే మూసెయ్యాల" అన్నాడు డాక్టరు నాగార్జున. చెయ్యి పైకి లేవకపోతే నా జడ నేనెట్లా వేసుకునేది?

మత్తు డాక్టరమ్మ మందు ఎక్కిస్తూ, నన్ను మాటల్లో పెడదామని, "తోడబుట్టినోళ్లు ఉండారా?" అంది. అడగక అడగక అదే అడగాలా! పోయినేడాది నువ్వు మా చర్చి కోత పండుగకు వచ్చినప్పుడు, వేలంలో నా గుమ్మడికాయ పైకెత్తగానే, సంఘమంతా వినేట్టు "దాంట్లో పురుగుండాది" అన్నావే, అదంతా చెప్పేశాను. ఎవరూ పాడక, నా కాయను నేనే పాడుకుని ఇంటికి మోసుకెళ్లానని కూడా చెప్పాను. తెర ఇంకా ఎర్రబడింది. "ఆ గుమ్మడికాయను కాసేపు కింద పెట్టు తల్లీ!" అని డాక్టరు మొత్తుకున్నాడు.

"సరే, మా చెల్లెల్ని క్షమించినా" అన్నాను. బీపీ ఇసుమంత కూడా దిగలేదు. దేవుడి దగ్గర దాపరికమా? చివరికి కళ్లు మూసుకుని, "నిజంగానే పురుగు ఉన్నింది సార్. ఇంటికి పోయి కోస్తే కనపడె. సిగ్గేసి ఎవురికీ చెప్పలే" అనేశాను. ఏడుపొచ్చింది. కళ్లు తెరిచేసరికి తెర తేటపడి ఉంది. డాక్టరు కుట్లు వేసుకుంటున్నాడు. తన మందే పనిచేసిందని డాక్టరమ్మ అంటుంది. అననీలే.

ఆరు వారాలు చెయ్యి లేపకూడదట. కోడలు వేసే జడ అసలు జడలాగే లేదు. నువ్వు రావే.

నీ పొగరుబోతు అక్క,
వరమ్మ


బద్వేలు,
శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కాయలో పురుగుందని నాకేం తెలుసు? నీ చేత్తో పెంచిన కాయ ఇంకొకరింటికి పోకూడదని, వేరేవాళ్లు పాడకుండా ఆ మాట అన్నాను. నేనే పాడుకుందామని మళ్లీ నోరు తెరిచేలోపే నువ్వే పాడేశావు! మందిరంలో అబద్ధమాడానని ఏడాదంతా కుమిలిపోయానే, అది కాస్తా నిజమని ఇప్పుడా చెప్పేది?

ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కుతాను. నూనె, దువ్వెన తెస్తాను. గుమ్మడికాయ మాత్రం తేను.

నీ చెల్లెలు,
ప్రసన్న