తిరగబడిన ఎనభై తొమ్మిది

ఫిబ్రవరి 4, మంగళవారం

నంకుంబ సార్ లెక్కల క్లాసులో ఈ రోజు ఒక ఆట పెట్టారు. వందలోపు ఏదో ఒక నంబర్ తీసుకోవాలి. దాన్ని తిరగేసి రాసి కూడాలి. వచ్చినదాన్ని మళ్లీ తిరగేసి కూడాలి. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే నంబర్ రాగానే ఆపాలి. నా పక్కన కూర్చునే ఫైనెస్ 47 తీసుకుంది. 74 కలిపితే 121. ఒక్క మెట్టు. పెన్ను మూసేసింది. ఎవరికీ ఆరు మెట్లు దాటలేదు.

నేను 89 తీసుకున్నాను. పది మెట్లు ఎక్కాను. 8872688. ఇంకా కుదరలేదు.

సార్ నా నోట్‌బుక్ చూసి, హైస్కూల్ రెండో ఏడు, ఫారమ్ టూకి వచ్చినా కూడిక రాదా అన్నారు. ఒక్క లైను కూడా సరిచూడలేదు. రెడ్ ఇంక్‌తో పేజీ అంతా కొట్టేశారు. ముగ్గురు నవ్వారు. వాళ్ల పేర్లు ఇక్కడ రాయను. అంత మర్యాద వాళ్లకి అనవసరం.

ఫిబ్రవరి 5

మళ్లీ మొదటినుంచి చేశాను. అదే వచ్చింది. సార్‌కి చెప్పాను. తప్పు నాదేనని సోమవారం లోగా కాగితం మీద రాసివ్వాలట. లేకపోతే ఫారమ్ వన్ పిల్లల మధ్య కూర్చుని కూడికలు నేర్చుకోవాలట. రాసిచ్చెయ్, ఒక్క లైనే కదా అంది ఫైనెస్.

ఒక్క లైనే. రాయను.

ఫిబ్రవరి 6

పదిహేడో మెట్టు. వాన. నోట్‌బుక్‌లో పేజీలు అయిపోయాయి.

ఫిబ్రవరి 8, శనివారం

మొక్కజొన్న పిండి వచ్చిన కాగితపు సంచి చింపి దాని మీద రాస్తున్నాను. పంతొమ్మిదో మెట్టులో నా తప్పు దొరికింది. చేతిలో ఉంచుకున్న ఒకటి కలపడం మరిచాను. సార్ అన్నదే నిజమా? మొదటి పది మెట్లూ మూడోసారి చూశాను. అవి సరిగానే ఉన్నాయి.

అమ్మమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. ఆమెకి చదువు రాదు. నా ముఖం చూసి సంగతి అడిగింది. చెప్పాను.

"నీ తప్పు నువ్వు దిద్దుకో. నీది కానిదాన్ని మాత్రం నెత్తికెత్తుకోకు" అంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చి నుంచి రాగానే కూర్చున్నాను.

ఇరవై నాలుగో మెట్టు. 8813200023188.

ఎడమనుంచి చదివాను. కుడినుంచి చదివాను. సగం అమ్మమ్మ అరచేత్తో మూయించి చదివాను. ఒకటే.

ఫిబ్రవరి 10, సోమవారం

సార్ కాగితం ఏదన్నారు. పిండి సంచి ఇచ్చాను. బోర్డు మీద చెయ్యనివ్వమన్నాను. సుద్దముక్క ఇచ్చారు.

పద్నాలుగో లైన్ దగ్గర ఆపారు. తప్పట. నేను సుద్దముక్క కింద పెట్టలేదు.

"మళ్లీ కూడండి సార్" అన్నాను.

బోర్డు మూల కూడారు. 664272356. నాదే వచ్చింది. వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. ఆఖరి లైన్ రాశాక ఫైనెస్ లేచి, అడక్కుండానే దాన్ని కుడినుంచి గట్టిగా చదివింది.

సార్ సారీ చెప్పలేదు. నేను నోట్‌బుక్ తెరిచి, ఎర్ర గీతతో కొట్టేసిన పేజీ ఆయన ముందు పెట్టాను. సంతకం చెయ్యమన్నాను. కింద "సరి" అని రాసి, డేట్ వేసి చేశారు. ఫారమ్ వన్ మాట ఎత్తలేదు.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, దమ్ముంటే 196 చూడమన్నారు. కంప్యూటర్లు కూడా దాని చివర చూడలేదట.

ఫిబ్రవరి 19

196. తొంభై మూడో మెట్టు. పొడుగు నలభై అంకెల దాకా వచ్చింది. ఇంకా కుదరలేదు.

కుదరకపోతే కుదరకపోనీ. తొంభై నాలుగు.