నాలుగు వేళ్ళ తేడా

చిరంజీవి తమ్ముడికి,

అక్క నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ మనుషులమంతా బాగున్నాం. బాగా లేనిది నువ్వు నడిపిన లారీ ఒక్కటే. నువ్వక్కడ వేళకు తింటున్నావని అనుకుంటున్నాను. అనుకోవడం తప్ప ఇంతదూరం నుంచి నేను చేయగలిగిందేముంది.

నీ ఉత్తరం అందింది. లారీ ఎలా ఉందని అడిగావు. దాని మాటెత్తితేనే నాకు ఒళ్ళు మండుతోంది. మలుపు తిరిగితే చాలు, వెనక ఇరుసులోంచి టకటకమని మళ్ళీ అదే మోత. ముందు ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్ డబ్బాలోంచి ఆయిల్ దింపాను. నల్లగా, మాడు వాసనతో వచ్చింది. లోపలి ప్లేట్లు పట్టేయకుండా కలిపే మందు కలిపి కొత్త ఆయిల్ పోసి, షెడ్డు ముందు ఎనిమిది అంకె దిద్దినట్టు మెల్లగా పదిసార్లు తిప్పాను. మోత తగ్గలేదు. ఒక చక్రాన్ని జాకీ మీద లేపి, గేరు తీసేసి తిప్పితే కాస్త బలానికే కదిలిపోయింది. అంటే ప్లేట్లు అరిగిపోయాయి. నువ్వెళ్ళాక, రెండు నెలల కింద నా చేతులతో వేసిన కొత్త ప్లేట్లు! రెంచీ తీసి గోడకేసి కొట్టాను. భోజనం దగ్గర మీ బావ "కోపం డిఫరెన్షియల్ మీదా, నా మీదా? చెబితే దాన్నిబట్టి కూర వడ్డించుకుంటాను" అన్నాడు. నవ్వు కూడా రాలేదు.

మిగతా లారీలకు లేని ఆ ప్లేట్లు దీనికెందుకు, అప్పట్లో అవి నువ్వు నడుపుతుండగానే ఎందుకు మాడాయి అని కూడా అడిగావు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. మామూలు డిఫరెన్షియల్ రెండింటినీ వాటి ఇష్టానికి వదిలేస్తుంది. అందుకే ఒక చక్రం బురదలో పడితే అది ఉత్తినే గిరగిరా తిరుగుతుంది, గట్టినేల మీదున్నది చోద్యం చూస్తూ నిలబడుతుంది. దీంట్లో ఆ రెండింటినీ ప్లేట్లు కలిపి పట్టుకుంటాయి. చేతులు పట్టుకుని సందు మలుపు తిరిగే ఇద్దరు పిల్లల్లా అన్నమాట. తిరిగేటప్పుడు పట్టు కాస్త సడలుతుంది, ఒకడు జారితే రెండోవాడు లాగుతాడు. మలుపుల్లో ఆ కాస్త జారుడుకు ప్లేట్లకేమీ కాదు. ఆగకుండా మైళ్ళకొద్దీ జారితేనే మాడతాయి.

అలా ఎందుకు జారుతున్నాయో నాకు అంతుపట్టలేదు. లారీ యజమాని వచ్చి చూసి, "ఈ కొత్త డ్రైవరూ మీ తమ్ముడి బాపతే. బురదలో చక్రాలు తిప్పి మాడ్చేశాడు. రేపట్నుంచి రావద్దంటాను" అన్నాడు. ఆయన వెళ్ళాక కొత్త డ్రైవరు నా దగ్గరికొచ్చి, "తిన్నటి రోడ్డు మీద కూడా వెనకనుంచి ఎవరో పట్టుకుని గుంజినట్టుందమ్మా" అన్నాడు. పొల్లుపోకుండా నీ మాటే.

తమ్ముడూ, ఇక దాచలేను. నువ్వు నడిపే రోజుల్లో వెనక ఎడమవైపు టైర్లు రాళ్ళకు చీరుకుపోయినప్పుడు, ఆ వైపు మాత్రమే కొత్తవి వేయించింది నేనే. కుడివైపువి ఇంకో ఏడాది నడుస్తాయన్నాను. ఒకే ఇరుసు మీది టైర్లను టేపుతో కొలిచి, సరిపోతేనే సుద్దముక్కతో "సరి" అని రాయాలన్నది మన షెడ్డు పద్ధతి. నేను కంటితో చూసి రాసేశాను. ఇరవై ఏళ్ళ అనుభవానికి టేపెందుకన్న పొగరు. కొత్త డ్రైవరు ఆ మాటన్న సాయంత్రం మీ బావ చేత టేపు కొస పట్టించి కొలిచాను. చుట్టుకొలతలో నాలుగు వేళ్ళ తేడా! అరిగిన టైరు ఎక్కువ చుట్లు తిరగాలి, కొత్తది తక్కువ. తిన్నటి రోడ్డు మీద కూడా ఆ లారీ రోజంతా మలుపు తిరుగుతున్నట్టే. ప్లేట్లు మాడక ఏం చేస్తాయి?

ఆ టైర్లు వేసిన మొదటి వారమే నువ్వు చెప్పావు. "ముందు స్టీరింగు పట్టుకోవడం నేర్చుకో పో" అన్నాను. యజమాని అడిగితే బురదలో నువ్వే మాడ్చావన్నాను. కావాలని అబద్ధం ఆడలేదు, కానీ కొలిచి చూడకుండా ఒట్టేసినట్టు చెప్పాను. ఆ ఒక్క మాటకే నీ చేతిలోంచి బండి పోయింది. "నాకు పెద్ద బండి చేతకాదులే అక్కా, మూటలు మోస్తున్నా" అని నువ్వు రాయాల్సొచ్చిందీ ఆ మాట వల్లే.

ఈ పొద్దున కొత్త డ్రైవరు ముందే, షెడ్డులో అందరూ వింటుండగా యజమానికి జరిగిందంతా చెప్పాను. ఆయన "ఈ మాట అప్పుడే చెప్పుంటే మీవాడు ఇక్కడే ఉండేవాడు కదమ్మా" అన్నాడు. కొత్త డ్రైవరు ఉద్యోగం మాత్రం నిలిచింది.

తిరిగి రమ్మనే మొహం నాకు లేదు. కానీ మూటలు దించెయ్. అక్కడ ఎవరు లారీ ఇచ్చినా ఎక్కు. వెనకనుంచి ఏదో పట్టినట్టు నీకనిపిస్తే అది పట్టినట్టే. మెకానిక్ ఎంత అరిచినా, కొలిచి చూపించేదాకా అక్కణ్ణుంచి కదలకు. ఆ మెకానిక్ నేనైనా సరే.

ఇట్లు,
నీ మాట చెవిన పెట్టని
అక్క