ఉల్లితొక్కల దుప్పటి

వదినగారికి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరూ, మీ మగ్గమూ క్షేమమని తలుస్తాను.

ఊలు పోగులు చిలపలుగా చుట్టి పంపుతున్నాను. పటిక నీళ్ళలో నానబెట్టి, ఉల్లితొక్కల కషాయంలో సన్నసెగన కాచాను. మా వీధి కూరగాయలవాడు నన్ను చూడగానే తొక్కల బుట్ట ముందుకు తోస్తున్నాడు. ఉల్లిపాయలు కొనే మనిషిగా నన్ను లెక్కెయ్యడం ఎప్పుడో మానేశాడు. రంగు చూడండి, లేత ఎండలా ఉంది. నేనిచ్చింది మీకు నచ్చడం అరుదని తెలుసు. పెళ్ళిలో ఇచ్చిన ఇనప మూకుడును "ఇందులో ఊరంతటికీ వండచ్చు, ఆ ఊరిని కూడా మీరే పంపండి" అని నలుగురిలో అన్నారు. నాలుగేళ్ళయినా ఆ మాట నా చెవిలోనే కాపురం ఉంది.

మన పిల్ల షరతు గుర్తుందిగా? ఏడో నెలలోనే బీపీ ఎక్కువైందని డాక్టరు మంచం దిగొద్దంది. "రంగు అమ్మ వెయ్యాలి, నేత అత్తయ్య నెయ్యాలి. ఇద్దరూ కలిసి ఒక్క దుప్పటి చెయ్యలేకపోతే కాన్పుకి ఇద్దరూ రావద్దు, నాకు నర్సు చాలు" అంది మీ కోడలు. ఫోనులో అయితే అరుచుకుంటామట, ఉత్తరాలైతే కోపం పోస్టులోనే చల్లారుతుందట. నా కూతురని కాదు గాని, తెలివైనది.

ఇట్లు,
మీ వదిన

తా.క.: కాస్త ఉల్లి వాసన వస్తుంది. నేత అయ్యాక ఒక్క ఉతుకుతో పోతుంది. మీరేమీ చెయ్యకండి. ఏమీ చెయ్యకుండా ఉండటం మీకెంత కష్టమో తెలిసే చెబుతున్నాను.

*

వదినగారికి నమస్కారాలు.

చిలపలు అందాయి. సంచి విప్పగానే మీ అన్నయ్యగారు ఏదో మాడుతోందని వంటింట్లోకి పరుగెత్తారు. పసిగుడ్డు ముక్కు దగ్గర ఈ వాసనేమిటని, రాత్రంతా గోరువెచ్చటి నీళ్ళలో నానేశాను. పొద్దున చూద్దును కదా, మీ ఎండ అస్తమించింది! అటు పచ్చా కాదు, ఇటు నలుపూ కాదు, పాచిపట్టిన గోడలా ఉంది. ఉద్యోగం మానిన దగ్గర్నుంచీ మగ్గం ముందే కూర్చుంటున్నాను. వట్టి నీళ్ళకు జడిసి రంగు మార్చుకున్న ఊలును ఇదే చూడటం. మీకు పటిక తక్కువైందో, చదువు ఎక్కువైందో మీరే తేల్చుకోండి.

ఇట్లు,
మీ వదిన

తా.క.: వాసన మాత్రం అలాగే ఉంది.

*

వదినగారికి,

ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. నా పటిక సంగతి నాకొదిలెయ్యండి. నా రంగు నీళ్ళకు జడవదు. ఆ నీళ్ళు దేంట్లో పోశారు? ఒక్క మాట రాయండి, మందు నేను చెబుతాను.

రెండో విడత చిలపలు పంపుతున్నాను. నిన్న పిల్ల ఫోను చేసి "దుప్పటి ఎంతవరకొచ్చిందమ్మా?" అంది. "వస్తోంది" అన్నాను. ఇంత చిన్న అబద్ధం ఇంత బరువుంటుందని అనుకోలేదు. దాని పాదాలు వాచాయట. వాపు సంగతి అల్లుడు చెబితే తెలిసింది, అది చెప్పలేదు.

ఇట్లు,
సమాధానం కోసం చూస్తూ,
మీ వదిన

తా.క.: నమస్కారాలు. పైన రాయబుద్ధి కాలేదు.

*

వదినగారికి,

దేంట్లో అంటే? గిన్నెలో. శుభ్రమైన గిన్నెలో. మా ఇంట్లో గిన్నెలు తోముతాం. వియ్యపురాలు అడగాల్సిన ప్రశ్నేనా అది?

రెండో విడతకూ అదే వాసన, దాన్నీ నానేశాను, మళ్ళీ అదే పాచి. రోజులు ఆగవు కనక ఆ పాచితోనే నేత మొదలుపెట్టాను. నాడె అటు విసిరినప్పుడల్లా ఒకటే భయం, ఇటు లాగినప్పుడల్లా అదే భయం. పిల్ల అడిగితే ఏం చెప్పను? మీ పేరే చెబుతాను.

ఇట్లు,
గిన్నెలు తోముకునే,
మీ వదిన

తా.క.: మీ అన్నయ్యగారు దుప్పటి చూసి "మిలటరీకా?" అన్నారు. ఆయనకు రెండు రోజులుగా కాఫీ లేదు.

*

వదినగారికి,

గిన్నె ఏదో మాత్రం రాయలేదు. సరే. ఇక నా దగ్గర్నుంచి ఒక్క పోగు కూడా రాదు.

నా పేరు చెబుతారా? ఆ శ్రమ మీకెందుకని నేనే పిల్లకు ఫోను చేసి చెప్పేశాను. "మీ అత్తగారు రంగు పాడుచేసింది, దుప్పటి ఆశ వదులుకో" అన్నాను. వెంటనే అల్లుడు ఫోను తీసుకుని "ఇప్పుడొద్దు అత్తయ్యా" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు. ఎందుకో మీకేమైనా తెలుసా?

ఇట్లు,
మీ వదిన

తా.క.: పైన సగం కోపంతో రాశాను. కింది సగం దేనితో రాశానో మీకు తెలుస్తుంది.

*

వదినా,

పిల్లను నిన్న ఆసుపత్రిలో చేర్చారు. బీపీ దిగడం లేదట. "మీరిద్దరూ రావద్దు, నేను చూసుకుంటాను" అన్నాడు మావాడు. చిన్నప్పుడు సంతలో తప్పిపోయి దొరికిన రోజున ఉన్న గొంతే మళ్ళీ విన్నాను.

నా చేతుల్లో ఉన్నది నేత ఒక్కటే. ఊలు అయిపోయింది. దుప్పటికి ఇంకా జానెడు మిగిలింది. ఏ రంగైనా సరే పంపండి. ఎవరిది తప్పో పిల్ల ఇంటికొచ్చాక తీరిగ్గా తిట్టుకుందాం.

మీ వదిన

తా.క.: పైన "గారు" రాయడం మరిచాను. అలాగే ఉండనివ్వండి.

*

వదినా,

సంచిలో చిలపలున్నాయి. మీ నేత పక్కన పెట్టి చూడండి. అదే పాచి, వెంట్రుకవాసి తేడా ఉండదు. లేత ఎండలా ఉన్న ఊలును నేనే రాత్రంతా ఇనప మూకుడులో నానేశాను.

ఉల్లితొక్కల రంగుకు ఇనుము తగిలితే అలా నల్లపచ్చ తిరుగుతుంది. మీ మొదటి ఉత్తరం చదివినప్పుడే తెలిసింది నాకు. మీ ఇంట్లో అన్నీ స్టీలు, ప్లాస్టిక్కు. చిలపలు చిక్కుపడకుండా పరుచుకునేంత వెడల్పైన ఇనప పాత్ర మీ ఇంట్లో ఒక్కటే ఉంది. దాని పుట్టిల్లు ఎక్కడో నాకు తెలుసు. ఆ రోజు దుకాణంలో జత కొన్నాను మరి, ఒకటి మీకు, ఒకటి నాకు.

"మీరిచ్చిన మూకుడు పనికొచ్చింది" అన్న ఒక్క ముక్క మీ చేత రాయిద్దామని పంతం పట్టాను. మీరేమో ప్రాణం పోయినా "గిన్నె" దాటలేదు. మన పంతాలు మోసింది మాత్రం పిల్ల.

ఇవాళ అదే ఫోను చేసింది. గొంతులో సత్తువ లేదు. ఏం మాట్లాడాలో తోచక మూకుడు సంగతి చెప్పాను. అంతే, నవ్వు మొదలైంది చూడండి, నర్సు వచ్చి కసిరిందాకా ఆగలేదు! నర్సు బీపీ చూసి, నమ్మక ఇంకోసారి చూసిందట. దిగుతోంది వదినా. మందులు పనిచేశాయంటోంది డాక్టరు. అననివ్వండి.

"దుప్పటికి ఒక కొస అత్తయ్య, ఇంకో కొస నువ్వు పట్టుకుని రండి. ఒక్కరే తెస్తే గేటు దగ్గరే ఆపిస్తాను" అంది. ఎల్లుండి పొద్దుటి బస్సుకు మీ ఇంటికొస్తున్నాను. జానెడూ నేసి ఉంచండి. ఈ చిలపలూ వాసన వస్తాయి. దయచేసి నానెయ్యకండి.

ఇట్లు,
మీ వదిన

తా.క.: నేను వచ్చేలోగా ఆ మూకుడును తోమి అటక ఎక్కించారో, చూడండి! లోపల చుట్టూ రంగు గీత పడి ఉంటుంది. అది నేను కళ్ళారా చూడాలి.